లోడు తగ్గించేనమ్మా

పెట్టొచ్చు శ్రావ్యా, పెడితే పాడుతుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. వెనకాల ఎనిమిది ఓమ్‌లు అని రాసి ఉన్న ఆంప్లిఫైయరుకి నాలుగు ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే ఆ పూటకి ఏమీ కాదు. పైగా ఇంకాస్త గట్టిగా వినిపించి, బాగానే ఉందే అనిపిస్తుంది. ఎవరి పుట్టినరోజుకో ఆపకుండా మోగించిన రోజున పొగ వస్తుంది. అందుకని పెట్టకు. తప్పదనుకుంటే సౌండు సగం దాటించకు, మధ్యమధ్యలో పెట్టె మీద అరచెయ్యి వేసి చూస్తూ ఉండు.

ఫోన్లో ఇంతే చెప్పాను. ఈలోగా మీ తమ్ముడు వెనక నుంచి, అమ్మమ్మకి ఓమ్ అంటే పూజ గది గుర్తొస్తుంది అని నవ్వాడు. నవ్వనీ. మీరిద్దరూ పుణెలో ఉన్నారు, నువ్వేమో సౌండు సామాను అద్దెకిచ్చే కంపెనీలో చేరబోతున్నావు. ఆ పనిలో నా జీవితమంతా గడిచింది కాబట్టి, ఫోన్లో చెప్పలేనివి కొన్ని రాసి పంపుతున్నాను. అంతా తెలిసి రాస్తున్నాననుకోకు నాన్నా. షాపు మూసేసి ఇంట్లో కూర్చున్నాక కూడా కొన్ని సంగతులు నాకు తికమకగానే ఉన్నాయి.

మోసేవాడు, తాగేవాడు

ఐటీఐ అయ్యాక నేను చేరింది జగదాంబ జంక్షన్ దగ్గర ఒక చిన్న షాపులో. ఓనరు సత్యంగారు. కోనసీమ నుంచి పోర్టులో ఉద్యోగం కోసం వచ్చి, అది దొరక్క, రేడియోలు బాగుచేస్తూ ఇక్కడే ఉండిపోయిన మనిషి. నన్ను ‘అమ్మాయ్’ అనేవారు. నాకు మీ అమ్మ పుట్టాక కూడా అలాగే పిలిచారు. ఎవరైనా పెట్టె పట్టుకొచ్చి నా భుజం మీదుగా లోపలికి చూస్తూ మెకానిక్ ఉన్నాడా అని అడిగితే, “ఆవిడేనండి మెకానిక్కు. నేను కాఫీ తాగేవాణ్ణి” అనేవారు.

ఓమ్ సంగతి నాకు తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. ఓమ్ అంటే అడ్డు. కరెంటు దారిలో స్పీకరు ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అంకె తగ్గితే ఆంప్లిఫైయరు మీద లోడు పెరుగుతుంది. ఎనిమిది కంటే నాలుగు బరువు. నాలుగు కంటే రెండు ఇంకా బరువు. ఇది లారీల్లో, ఓడల్లో లోడు లెక్కలు వింటూ పెరిగిన ఊరు. చిన్న అంకెకి బరువెక్కువ అంటే ఎవరి బుర్రకెక్కుతుంది? నేను కూడా పరీక్షలో సరిగ్గా రాసేసి, బల్ల మీద తప్పు చేసేదాన్ని.

ఒకరోజు సత్యంగారు టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పారు. “మేడ మీద ట్యాంకు ఉందనుకో. ఇంట్లో కుళాయిలన్నీ విప్పేస్తే ఏమవుద్ది? ట్యాంకు మీద పడుద్ది. కుళాయి ఎంత వదులైతే అంత పడుద్ది. స్పీకరంటే మోసేవాడు కాదమ్మాయ్, తాగేవాడు.”

ఆ మాట నాకు బాగా పట్టింది. ఒకే జత టెర్మినళ్లకి రెండు ఎనిమిదులు పక్కపక్కన కడితే ఇద్దరు తాగుతారు, మొత్తం నాలుగవుతుంది. ఒకదాని వెనక ఒకటి వరసగా కడితే పదహారవుతుంది, ఆంప్లిఫైయరుకి హాయి, సౌండు మాత్రం తగ్గుతుంది. ఇంకో మాట. ఎనిమిది ఓమ్‌ల స్పీకరుని మీటరుతో కొలిస్తే ఆరు చూపిస్తుంది. కంగారు పడకు, అది చెడిపోలేదు. మీటరు కొలిచేది ఉత్త తీగని, పాడుతున్న స్పీకరుని కాదు. ఆరు చూసి భయపడి మంచి స్పీకర్లు పారేసినవాళ్లని చూశాను.

విప్పే ముందు

చచ్చిపోయిన ఆంప్లిఫైయరు చేతికి రాగానే కొత్తవాళ్లు స్క్రూడ్రైవరు తీస్తారు. నువ్వు తియ్యకు. ముందు అడుగు. ఏం పాడుతుండగా పోయింది, ఎన్ని స్పీకర్లున్నాయి, ఎవరు కట్టారు, పోయే ముందు సౌండు చీరినట్టు వచ్చిందా లేక ఒక్కసారిగా ఆగిందా. తర్వాత వాసన చూడు. ఆ తర్వాత విప్పు.

విప్పి, కాలినవి మార్చాక, నేరుగా ప్లగ్గు పెట్టెయ్యకూడదు. కరెంటు దారిలో ఒక పాతకాలం బల్బుని వరసలో పెట్టాలి. మేము సీరీస్ బల్బు అంటాం. లోపల ఇంకా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి, దెబ్బ అది తీసుకుంటుంది. లేకపోతే ఒకసారి మెరిసి మసకబారుతుంది. ఎంత కొత్త మిషన్లు వచ్చినా ఈ బల్బుని మించిన కాపలాదారుని నేను చూడలేదు.

సత్యంగారు ఒకసారి బల్బు పెట్టలేదు. పెళ్లివారు రిక్షా ఆపుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆయన కొత్త అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేసి, ఊరికే ఒకసారి చూద్దామని ప్లగ్గు పెట్టారు. టప్‌మని చిన్న చప్పుడు. కొత్త జత కూడా పోయింది. వాటి ముందుండే చిన్న ట్రాన్సిస్టరు ఒకటి చెడి, వచ్చినవాటిని వచ్చినట్టు చంపుతోంది. కాలినది మార్చడం బాగుచెయ్యడం కాదని ఆ రోజు నేర్చుకున్నాను. చచ్చింది ఎదురుగా కనపడుతుంది. చంపింది ఇంకెక్కడో కూర్చుని ఉంటుంది.

ఒక్కోసారి అది పెట్టెలోనే ఉండదు. మధురవాడలో ఒక అపార్ట్‌మెంటు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లో సినిమాలు చూసుకోవడానికి మంచి ఆంప్లిఫైయరు కొనుక్కున్నాడు. సౌండు పెంచితే చాలు, ఆగిపోతుంది. షాపుకి తెచ్చి పెడితే రోజంతా పాడింది. ఇంటికి తీసుకెళితే మళ్లీ ఆగింది. అతను అబద్ధమాడుతున్నాడని నేను, నాకు పని రాదని అతను అనుకునే దాకా వచ్చింది. చివరికి ఇంటికే వెళ్లాను. అలమర వెనక స్పీకరు తీగ మెలిపెట్టిన చోట వెంట్రుకంత రాగి పోగు ఒకటి బయటికి వచ్చి ఉంది. సౌండు పెరిగినప్పుడు అలమర అదిరి, ఆ పోగు పక్క టెర్మినల్‌కి తగులుతోంది. ఇద్దరం ఆ పోగుని చూస్తూ కాసేపు నేల మీదే కూర్చున్నాం. ఇంత చిన్నదా అని అతను, ఇంత చిన్నదా అని నేను.

షాపులో రాని జబ్బు ఇంట్లో వస్తోందంటే ఇంటికి వెళ్లాలి. ఇది నాకు తెలిసిన సంగతే. అయినా నూకరాజు విషయంలో అది కూడా పనికిరాలేదు.

నూకరాజు మైకు

నూకరాజు ఫిషింగ్ హార్బర్లో మైకు చెప్పేవాడు. అంతకుముందు మరబోటు మీద పనిచేశాడు. వల లాగే వించి తాడులో కాలు పడి నలిగింది. ఇక సముద్రం మీదికి వెళ్లలేడని బోట్ల ఓనర్ల కమిటీ వాళ్లు అతనికి మైకు ఇచ్చారు. వాతావరణం హెచ్చరికలు, ఏ నంబరు బోటు లోపలికి వస్తోందో, ఎవరి పిల్లవాడు తప్పిపోయాడో, అన్నీ అతని గొంతులోనే వినపడేవి. జెట్టీ పొడవునా స్తంభాలకి హారన్లు, అంటే గరాటు మూతి స్పీకర్లు, కట్టి ఉండేవి.

ఇలాంటి చోట పద్ధతి వేరు శ్రావ్యా. తీగ చాలా దూరం వెళ్లాలి కాబట్టి ఆంప్లిఫైయరు నుంచి ఎక్కువ వోల్టేజీతో లైను లాగుతారు. ప్రతి హారన్ దగ్గరా చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, ఆ హారన్‌కి కావలసినంతే దించుకుంటారు. అప్పుడు ఓమ్‌ల గొడవ ఉండదు. హారన్ల వాట్లన్నీ కూడుకుని, ఆ మొత్తం ఆంప్లిఫైయరు వాట్లకి లోపల ఉంటే చాలు. ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఒక్క హారన్ని నేరుగా ఆ లైనుకి కడితే మాత్రం పెద్ద కుళాయి విరగ్గొట్టినట్టే.

హార్బర్ ఆంప్లిఫైయరు మొదటిసారి వచ్చినప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయి. మార్చాను. మళ్లీ అవే పోయి వచ్చింది. ఈసారి ముందున్నవన్నీ కొలిచి, బల్బు పెట్టి, షాపులో రోజంతా వాగించి పంపాను. మళ్లీ వచ్చింది. సత్యంగారు అప్పటికి కళ్లు సరిగ్గా కనపడక కౌంటరు దగ్గర కూర్చునేవారు. ఆయన కూడా బోర్డు మీద వేళ్లు నడిపి, ఏమీ లేదే అన్నారు.

వచ్చినప్పుడల్లా నేను అడిగేదాన్ని.

“లోడేమైనా పెంచేవా నూకరాజూ?”

“నానెందుకు పెంచుతానమ్మా. ఏడెక్కినప్పుడల్లా లోడు తగ్గించేను.”

బుద్ధిమంతుడు అనుకునేదాన్ని. పెట్టె వేడెక్కితే ఒకటి రెండు హారన్లు విప్పేస్తున్నాడు కాబోలు, ఇంతకంటే ఏం చేస్తాడు అని. లోడు సంగతి అక్కడితో వదిలేసి మిగతావి వెతికేదాన్ని.

హార్బర్‌కి వెళ్లి కూడా చూశాను. హారన్లు లెక్కపెట్టాను, వాట్లు కూడాను, సరిగ్గా ఉన్నాయి. ఉప్పుగాలికి పచ్చబడ్డ జాయింట్లన్నీ గీకి మళ్లీ కట్టాను. రేకుల గదిలో వేడికి పోతోందేమోనని పెట్టె వెనక ఫ్యాను పెట్టించాను. కరెంటు హెచ్చుతగ్గులేమోనని స్టెబిలైజరు పెట్టించాను. పెట్టించిన ప్రతిసారీ, ఇదే అయి ఉంటుంది అనుకున్నాను. ప్రతిసారీ పెట్టె మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. నాకు నా చేతుల మీదే అనుమానం పట్టుకుంది.

చివరిసారి నూకరాజుతో పాటు కమిటీ ప్రెసిడెంటు ఎల్లాజీ గారు కూడా వచ్చారు. ఆయనకి సొంతంగా బోట్లు ఉన్నాయి, గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఇంకొక్కసారి కాలితే మైకు మనిషే అక్కర్లేదని, మాటలు ఫోన్లో రికార్డు చేసి వినిపించేస్తామని నాతో చెప్పారు. నూకరాజు వినేలాగే చెప్పారు. ఇతను మైకు నోట్లో పెట్టుకుని అరుస్తాడని, అందుకే కాలుతోందని కమిటీలో అందరి నమ్మకం.

ఆయన బయటికి వెళ్లాక నూకరాజు బల్ల మీదికి వంగాడు. “కాలెల్లిపోయినా గొంతుంది గదాని బతికేనమ్మా. ఇదీ ఎల్లిపోతే నాను ఒడ్డునుండి ఏటి సెయ్యాల?”

పెట్టె బాగుచేసి ఇచ్చాను. దేని వల్ల కాలుతోందో తెలియకుండా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అయినా ఇచ్చాను.

గాలి రోజు

ఆ తర్వాత కొన్నాళ్లకే తుపాను హెచ్చరిక వచ్చింది. బోట్లన్నీ వెనక్కి రావాలి. నూకరాజు పొద్దున్నే మైకు ముందు కూర్చున్నాడని తెలిసింది. నేను షాపులో ఉన్నానే గానీ పని సాగలేదు. ఫోను మోగినప్పుడల్లా అది హార్బర్ నుంచే అనుకున్నాను. ఇంత సేపు ఆపకుండా మాట్లాడితే పెట్టె మధ్యాహ్నం దాకా కూడా నిలబడదని నా లెక్క.

సాయంత్రం ఎల్లాజీ గారు ఫోను చేశారు. బోట్లన్నీ వచ్చేశాయని చెప్పడానికి చేశారు. పెట్టె సంగతి నేనే అడిగాను. మోగుతూనే ఉందన్నారు.

మర్నాడు గాలి తగ్గాక, ఎవరూ పిలవకుండానే హార్బర్‌కి వెళ్లాను. జెట్టీ చివర, ఎప్పుడూ ఖాళీగా ఉండే స్తంభానికి ఒక పాత హారన్ వల తాడుతో కట్టి ఉంది. మూతి సముద్రం వైపు. దాని తీగ నేరుగా లైనుకి మెలిపెట్టి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు లేదు. నూకరాజుని పిలిచాను.

“ఇదేటిది?”

“అదే గదమ్మా. సెప్పేను గదా, లోడు తగ్గించేనని.”

నాకు అర్థం కాలేదు. అతను ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. “పెట్టె ఏడెక్కిపోతన్నాది. అంటే ఉన్న హారన్లు సౌండు మొయ్యలేకపోతన్నాయి. అందుకని ఇంటికాడ ఉన్న హారన్ తెచ్చి ఇంకోటి కట్టేను. వల లాగినప్పుడు సేతులు సాలకపోతే ఇంకో మడిసిని పిలవమేటి?”

అతను మొదటి నుంచీ నిజమే చెప్పాడు. పని అయ్యాక ఎవరైనా ఎత్తుకుపోతారని హారన్ విప్పి ఇంటికి తీసుకెళ్లేవాడు కాబట్టి, నేను వెళ్లినప్పుడు అది కనపడలేదు. దాని లోపల అదిరే పల్చటి పొర, డయాఫ్రమ్, కూడా రెండు మూడుసార్లు చిరిగిందట. ఉప్పుగాలికేమో అనుకుని వేరే షాపులో మార్పించుకున్నాడు. లోడు అని నేనూ అన్నాను, లోడు అని అతనూ అన్నాడు. అతని లెక్కలో సౌండు బరువు, హారన్లు వల లాగే మనుషులు. ఒకే మాట పట్టుకుని ఇద్దరం చెరో వైపుకి లాగాం.

సత్యంగారి మాటే అతనికి చెప్పాను. “అవి మోసేవి కాదు నూకరాజూ, తాగేవి.”

“హారన్లు తాగుతాయేటమ్మా,” అని నవ్వాడు.

ఎల్లాజీ గారు ఎప్పుడు వచ్చి నిలబడ్డారో చూసుకోలేదు. సగం విన్నారు, ఆయనకి సగం చాలు. “అంటే ఇన్నాళ్లూ ఈడే కాల్సేసేడన్నమాట.”

నూకరాజు నవ్వు ఆగిపోయింది. నా వైపు చూశాడు. కాదని నేను అనలేను, కాల్చింది అతనే. అందుకని ఎల్లాజీ గారిని ఇంకో మాట అడిగాను. నిన్న బయట ఉన్న బోట్లకి ఏమైనా వినపడిందా అని.

ఆయన కాసేపు హారన్ మూతి వైపు, అది చూస్తున్న సముద్రం వైపు చూశారు. హార్బర్ మూతి బయట అలల్లో దారి తెలియక తిరుగుతున్న సరంగులు, బోట్లు నడిపేవాళ్లు, నూకరాజు గొంతు విని, ఆ దిక్కు పట్టుకుని లోపలికి వచ్చామని చెప్పారట. ఇంతకుముందెప్పుడూ అంత దూరం వినపడలేదట. నోట్లో పెట్టుకుని అరిచాడు కాబట్టి వినపడిందని ఆయన అనుకున్నారు.

“పోన్లే,” అన్నారు చివరికి. “ఎలా కాల్తాదో ఈడికి తెలిసినట్టు ఇంకెవుడికీ తెలీదు. మైకు ఈడి దగ్గిరే ఉండనీండి. ఆ హారన్ కూడా అక్కడే ఉండాల. కాలకుండా ఏటి సెయ్యాలో మీరు సూడండమ్మా.”

ఆ రోజే ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి, వాట్లు చూసుకుని, ఆ హారన్‌కి నా చేత్తోనే కట్టాను. ఆ తర్వాత ఆ పెట్టె నా బల్ల మీదికి రాలేదు.

అడిగింది

నేను ట్రాన్స్‌ఫార్మరు బిగిస్తుండగా నూకరాజు స్తంభానికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత అడిగాడు. ఇది తాగేస్తుందని, తాగితే పెట్టె కాలిపోతుందని నేనే చెప్పాను కదా. నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇది కట్టే ఉంది. అతను గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాడు. మరి?

బిగించడం ఆపి, అప్పుడే వెళ్లి పెట్టె విప్పి చూశాను. ట్రాన్సిస్టర్లు నిక్షేపంగా ఉన్నాయి. హారన్ లోపల డయాఫ్రమ్ చూశాను, ఒక్క గీత లేదు. మెలిపెట్టిన జాయింటు చిలుము పట్టి కరెంటుకి అడ్డుపడిందేమో అనుకున్నాను. రాగి కొత్త బిందెలా మెరుస్తోంది. వాల్యూము తగ్గించాడా అంటే, సముద్రం మీద విన్నవాళ్లు ఉన్నారు.

సత్యంగారిని అడిగాను. మొదటి నుంచీ రెండుసార్లు చెప్పించుకుని, “ఏమోనమ్మాయ్” అన్నారు. ఆయన నోట ఆ మాట అంతకుముందు నేను వినలేదు. కంపెనీల తరఫున వచ్చే ఇంజనీర్లని అడిగాను. ఒకతను కరెంటు తక్కువ వచ్చి ఉంటుందన్నాడు. స్టెబిలైజరు ఉంది. ఇంకొకతను గాలికి పెట్టె చల్లబడి ఉంటుందన్నాడు. ట్రాన్సిస్టరు కాలేటప్పుడు, గాలికి చల్లబడేంత తీరిక ఇవ్వదు. ఒకసారి అలాంటిదే పాత ఆంప్లిఫైయరు దొరికితే, షాపులో కావాలని ఒక హారన్ నేరుగా కట్టి మైకు పట్టుకున్నాను. హలో అన్నాను. రెండో హలో ఎవరికీ వినపడలేదు.

దేవుడి మహిమ అని ఎల్లాజీ గారు సింహాచలం కొండకి వెళ్లి వచ్చారు. నేనూ దణ్ణం పెట్టుకున్నాను. కానీ లోడుకి లెక్క ఉంది నాన్నా, ఆ లెక్క నాకు తెలుసు. ఆ రోజు అది కాలిపోవాలి.

నీ ఉద్యోగంలో పెద్ద పెద్ద మీటర్లు ఉంటాయట, ఇంకా చదువుకున్నవాళ్లు ఉంటారట. ఎవరినైనా అడిగి చూడు. నూకరాజు ఇప్పటికీ మైకు చెబుతున్నాడు. చేపల కోసం హార్బర్‌కి వెళితే నన్ను గదిలోంచి చూసి, మధ్యలో మాట ఆపి, మైకు చేత్తో మూసి అడుగుతాడు.

“మరా దినం ఎందుకు కాల్నేదమ్మా?”